కార్పొరేట్ పన్ను, వాతావరణ వ్యయం, ధరల పెరుగుదల: ఉత్తరాంధ్రలో రాజకీయ వివాదం

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలకు పేరుపొందిన గ్రామం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఈ ఊరు, దీన్ని చుట్టుకుని ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు పదిహేనేళ్లుగా మూడు ప్రశ్నల మధ్య నలుగుతున్నాయి. పరిశ్రమలు రావాలంటే కంపెనీలకు పన్ను ఎంత తగ్గించాలి? తుపాను, వరద, బొగ్గు పొగ తెచ్చే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ రెండూ కలిసి ఇంటి ఖర్చును ఎంత పెంచుతున్నాయి? ఢిల్లీలో, అమరావతిలో ఈ మూడింటినీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మంత్రుల ముందు వాదిస్తారు. వంశధార తీరాన కౌలు రైతుకు ఇవి మూడూ ఒకే నెలలో, ఒకే జేబు మీద పడతాయి.

పన్ను మినహాయింపు ఈ నేలకు కొత్తది కాదు. కళింగనగరం నుంచి గాంగ రాజులు ఇచ్చిన తామ్రశాసనాల్లో ఒక ఊరిని అగ్రహారంగా రాసిచ్చి, దాన్ని అన్ని పన్నుల నుంచి తప్పించి, సూర్యచంద్రులున్నంత కాలం అనుభవించమనడం పరిపాటి. దానం పొందినవారెవరు, వారి గోత్రమేమిటి, ఇచ్చిన ఊరేది, దాని ఎల్లలేవి అన్నీ ఆ రేకుల మీదే ఉంటాయి. ఇప్పటి రాయితీలకు ఉత్తర్వు దొరుకుతుంది. ఆ రాయితీ వల్ల ఖజానాకు ఏటా ఎంత తగ్గింది, బదులుగా ఆ మండలంలో ఎంతమందికి పని దొరికింది అన్న లెక్క మాత్రం మామూలు మనిషికి అందే చోట ఉండదు. ఈ వివాదంలో సగం వేడి అక్కడి నుంచే పుట్టింది.

వెనుకబడిన జిల్లాల రాయితీ

2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 94వ సెక్షన్‌లో రెండు రాష్ట్రాల పారిశ్రామికాభివృద్ధికి పన్ను ప్రోత్సాహకాలు ఇస్తామన్న హామీ ఉంది. దాని ప్రకారం 2015 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టానికి 32ఏడీ సెక్షన్ చేర్చారు. నోటిఫై చేసిన వెనుకబడిన ప్రాంతంలో కొత్త పరిశ్రమ పెడితే, యంత్రాల ఖరీదులో 15 శాతాన్ని మామూలు తరుగుదలకు అదనంగా పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమ నాలుగు జిల్లాలతో పాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలకు ఇది వర్తించింది. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 వరకే గడువు.

ఈ ఏడు జిల్లాలకే జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ కూడా ఉండేది. మూడేళ్లకు 1,050 కోట్లు వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో మరో 350 కోట్లు రాష్ట్ర ఖాతాలో జమచేసి కేంద్రం వెనక్కి తీసుకోవడం పెద్ద గొడవైంది. తెలుగుదేశం పార్టీ ఎన్డీయే నుంచి బయటికి వచ్చిన రోజులవి. ఆ ఏడాది జులై 20న లోక్‌సభలో అవిశ్వాస తీర్మానంపై చర్చలో తెలుగుదేశం ఎంపీ గల్లా జయదేవ్, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు మాట్లాడారు. ప్రత్యేక హోదా డిమాండ్ వెనుక ఉన్న అసలు ఆశ కూడా పన్ను రాయితీయే. ఈశాన్య, కొండ రాష్ట్రాల్లో పరిశ్రమలకు దొరికిన ఎక్సైజ్, ఆదాయపు పన్ను మినహాయింపులు ఇక్కడా వస్తే కంపెనీలు వరుస కడతాయని అన్ని పార్టీలూ నమ్మాయి, ప్రజల చేత నమ్మించాయి.

2019 సెప్టెంబరు 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చేసిన ప్రకటనతో ఈ లెక్క తారుమారైంది. మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను రేటు 22 శాతానికి దిగింది. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతమే. సర్‌చార్జి, సెస్సు కలిపితే అవి సుమారు 25.17, 17.16 శాతం అవుతాయి. ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని కేంద్రమే చెప్పింది. ఉత్తరాంధ్ర వైపు నుంచి చూస్తే, చర్చకు పెద్దగా రాని ఒక నష్టం ఇందులో ఉంది. తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీ 32ఏడీ వంటి రాయితీలు వాడుకోకూడదు. 2024 మార్చిలోపు ఉత్పత్తి మొదలుపెట్టినవాటికి దక్కిన ఆ 15 శాతం రేటు దేశమంతటా ఒకటే. ఓడరేవు, విమానాశ్రయం, నిపుణులు దగ్గరున్న చోట దొరికే రేటే శ్రీకాకుళంలోనూ దొరుకుతుంటే, జాతీయ రహదారి మీద లారీ ఖర్చు భరించి ఇక్కడికి ఎవరొస్తారు? వెనుకబడిన జిల్లాకు ఉన్న ఒక్క ఆకర్షణ ఆనాటితో పోయింది. ఆరు నెలల తర్వాత దాని గడువు కూడా తీరిపోయింది.

రాష్ట్రాల వాటాకూ కోత పడింది. కార్పొరేట్ పన్ను పంచుకునే నిధిలోకి వెళ్తుంది. అప్పటి 14వ ఆర్థిక సంఘం ప్రకారం అందులో రాష్ట్రాలకు 42 శాతం, ఆ వాటాలో ఆంధ్రప్రదేశ్‌కు 4.305 శాతం. కేంద్రం చెప్పిన 1.45 లక్షల కోట్లు మొత్తం ఆ నిధిలోనివే అనుకుంటే, మన రాష్ట్రానికి ఏటా సుమారు 2,600 కోట్లు తగ్గినట్లు.

తగ్గింపును సమర్థించేవారి వాదన తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఆసియాలో పోటీ దేశాల రేట్లు తక్కువ, కంపెనీలు చైనా నుంచి కదులుతున్న సమయమది. వసూళ్లు కూడా తర్వాత కోలుకున్నాయి. 2018-19లో 6.63 లక్షల కోట్లున్న కార్పొరేట్ పన్ను 2020-21లో 4.57 లక్షల కోట్లకు పడిపోయి, 2023-24లో 9.11 లక్షల కోట్లకు చేరింది. అయితే అదే 2023-24లో వ్యక్తుల ఆదాయపు పన్ను 10.44 లక్షల కోట్లు. జీతగాడు, చిన్న వ్యాపారి కలిసి కట్టింది కంపెనీలన్నీ కట్టినదాన్ని మించింది. వామపక్షాలు, కాంగ్రెస్ ఎత్తిచూపే అంకె ఇదే.

రాష్ట్ర స్థాయిలో రాయితీల పోటీ ఇటీవల విశాఖపట్నం చుట్టూ తిరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు రుషికొండ ఐటీ హిల్‌పై 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. అక్టోబరు 14న గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని ఒప్పందం చేసుకుంది. దీనికి 22,000 కోట్ల రాయితీలిచ్చారని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శించగా, రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ గట్టిగా బదులిచ్చారు. శ్రీకాకుళం యువకులు పని కోసం హైదరాబాద్, చెన్నై రైళ్లెక్కుతున్నారు. విశాఖలో పని దొరికితే శని, ఆదివారాలు ఇంట్లో ఉండొచ్చు. ఆ ఆశను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ డేటా కేంద్రం ఎక్కువగా వాడుకునేవి విద్యుత్తు, నీరు. ఒకసారి కట్టడం పూర్తయ్యాక అందులో పనిచేసేవారి సంఖ్య, అంతే పెట్టుబడితో పెట్టిన జనపనార మిల్లులో ఉండేవారితో పోలిస్తే చాలా తక్కువ.

బొగ్గు, బీల, సెస్సు

వాతావరణం పేరుతో జరిగే ఖర్చు గురించి ఈ ప్రాంతం మాట్లాడింది, ప్రాణాలు పెట్టి మాట్లాడింది. సోంపేట దగ్గర బారువ బీల నేలల్లో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా లేచిన జనంపై 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దాని అనుమతిని రద్దుచేసింది. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ కేంద్రాన్ని ప్రతిఘటించినవారిపై 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు. రెండు చోట్లా మనుషులు పోయారు. బీల అంటే రికార్డుల్లో పనికిరాని భూమి. అక్కడివారికి అది చేపలవేట, పశువుల మేత, పక్క పొలాలకు ఎండాకాలపు తడి. ఆ తడికి ధర కట్టే పద్దు ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ఉండదు. శ్రీముఖలింగానికి వంశధార అవతలి గట్టున సరుబుజ్జిలి మండలంలో థర్మల్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు గిరిజన గ్రామాలు ఎందుకు అడ్డుకున్నాయో అర్థం కావాలంటే సోంపేట గుర్తుండాలి.

సోంపేట కాల్పులకు రెండు వారాల ముందే, 2010 జులై 1న, దేశంలో బొగ్గుపై టన్నుకు 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు మొదలైంది. 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలకు పెరిగింది. కాలుష్యం చేసేవాడి దగ్గర వసూలుచేసి సౌర, పవన విద్యుత్తుకు ఖర్చుపెట్టాలన్నది దాని ఉద్దేశం. ఆలోచన మంచిదే, ఆచరణ వేరే దారి పట్టింది. 2017-18 వరకు వసూలైనది 86 వేల కోట్లకు పైన. జాతీయ స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది దాదాపు 30 వేల కోట్లు. ప్రాజెక్టులకు వాడింది 16 వేల కోట్ల లోపే. 2017 జులైలో జీఎస్టీ రావడంతో ఆ 400 రూపాయలు రాష్ట్రాల నష్టపరిహారం పద్దులోకి పోయాయి. 2025 సెప్టెంబరు 22న ఆ సెస్సును ఎత్తేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పదిహేనేళ్లపాటు ఈ డబ్బు చివరికి చెల్లించింది కరెంటు వాడుకున్నవారే. బొగ్గు ఖర్చు ఉత్పత్తి ధరలో కలుస్తుంది, ఉత్పత్తి ధర బిల్లులో కలుస్తుంది. పరవాడ దగ్గరి సింహాద్రి కేంద్రంలో కాలిన బొగ్గు మీది సెస్సు జలుమూరులో వెలిగిన బల్బు దాకా ప్రయాణించింది. స్వచ్ఛ ఇంధనం పేరిట వసూలుచేసి వేరే పద్దుకు మళ్లించడం, నా ఉద్దేశంలో, ప్రజలకిచ్చిన మాట తప్పడమే.

బిల్లు మీద రాజకీయం

ఉత్తరాంధ్రకు కరెంటు ఇచ్చే సంస్థ విశాఖ కేంద్రంగా ఉన్న ఏపీఈపీడీసీఎల్. దాని బిల్లులో ఎనర్జీ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, విద్యుత్ సుంకం కింద ఎఫ్‌పీపీసీఏ అనే వరుస ఉంటుంది. ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చు ముందు అనుకున్నదానికంటే పెరిగితే ఆ తేడాను వినియోగదారుపై వేసే ఏర్పాటు ఇది. జనం నోట్లో మాత్రం ఇదీ, పాత ట్రూ అప్ చార్జీలూ కలిపి సర్దుబాటు చార్జీలే. కేంద్రం 2022 చివర తెచ్చిన విద్యుత్ నిబంధనల తర్వాత, 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా నేరుగా వేసుకునే వీలు కలిగింది. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటికి అది 40 రూపాయలు. 2022-23కు సంబంధించి 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు వసూలుచేసుకోవడానికి విద్యుత్ నియంత్రణ మండలి 2024 చివర్లో అనుమతించడంతో పాత బాకీలు కొత్త బిల్లుల్లోకి వచ్చాయి.

ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ వరుస మీద ఎవరు ఏమన్నారో గుర్తుపెట్టుకోవడానికి శ్రీకాకుళం జిల్లా మంచి సాక్షి. 2022 మే 4న తెలుగుదేశం అధ్యక్షుడు చంద్రబాబు నాయుడు ‘బాదుడే బాదుడు’ కార్యక్రమంలో పాల్గొన్నది పొందూరు మండలం దల్లవలసలో. కరెంటు, పెట్రోలు, చెత్త పన్ను, ఆర్టీసీ చార్జీలు అన్నీ అక్కడ ప్రస్తావనకొచ్చాయి. ప్రభుత్వం మారాక 2024 డిసెంబరు 27న వైఎస్సార్ కాంగ్రెస్ అదే కరెంటు చార్జీల మీద రాష్ట్రమంతా ఆందోళన చేసింది. ఇవి మీ కాలపు బాకీలేనని తెలుగుదేశం, వేయకుండా ఆపే అధికారం మీ చేతిలోనే ఉందని వైఎస్సార్ కాంగ్రెస్. రెండు మాటల్లోనూ నిజముంది, అందుకే రెండూ అసంపూర్ణం. చెత్త పన్నును రద్దుచేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి ప్రకటించారు. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల చొప్పున 923 కోట్లు తిరిగి ఇవ్వాలని మండలి ఆదేశించింది కూడా.

పరిశ్రమల గోడు వేరు. గరివిడి, బొబ్బిలి ప్రాంతాల ఫెర్రో అల్లాయ్ కొలిములకు కరెంటే ముడిసరుకు. పరిశ్రమల, వాణిజ్య సంస్థల విద్యుత్ సుంకాన్ని 2022లో యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి పెంచాక అవి రాయితీ కోసం తిరుగుతూనే ఉన్నాయి. ఈ కొలిములు ఆరితే రోడ్డున పడేది ఆ చుట్టుపక్కల కూలీ. రాయితీ ఇస్తే ఆ భారం మరో తరగతి వినియోగదారుల మీదికో, ఖజానా మీదికో జరుగుతుంది. కార్పొరేట్ రాయితీలన్నీ ఒకటే అని తిట్టేవారు ఈ తేడా చూడాలి. వందలమందికి పనిచ్చే పాత కొలిమిని నిలబెట్టడం, ఎక్కడైనా నిలదొక్కుకోగల మహాసంస్థకు భూమి ధారపోయడం ఒకటి కావు.

పెట్రోలు, డీజిల్ విషయం మరీ సూటి. 2020 మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోలుపై 10, డీజిల్‌పై 13 రూపాయలు పెంచింది. ఏడెనిమిది నెలల ముందే కంపెనీల పన్ను తగ్గించి ఉన్నందున, అక్కడ వదిలినదాన్ని ఇక్కడ పిండుతున్నారని విమర్శ వచ్చింది. పైగా ఈ సుంకంలో ఎక్కువ భాగం సెస్సుల రూపంలో ఉంటుంది కాబట్టి రాష్ట్రాలకు వాటా రాదు. 2021 నవంబరులో కేంద్రం కొంత తగ్గించినా రాష్ట్రం తన వ్యాట్ తగ్గించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే లీటరు చవక, కాబట్టి లారీలు అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. ఎడ్లబండి స్థానంలో ట్రాక్టరు, నాటు పడవ స్థానంలో ఇంజిన్ పడవ వచ్చాక డీజిల్ ధర దమ్ము ఖర్చులోనూ, చేప ధరలోనూ కనిపిస్తోంది.

తిత్లీ నేర్పిన లెక్క

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వంశధారకు వరద పోటెత్తింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. వరి పోతే తర్వాతి ఖరీఫ్‌కు మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు కావాలి, అప్పటిదాకా ఇంటికి రాబడి లేదు. తక్షణ సాయంగా 1,200 కోట్లు కోరుతూ ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ రాశారు. ఉన్నత స్థాయి కమిటీ చివరికి 539.52 కోట్లు మంజూరు చేసింది. రాష్ట్రం కొబ్బరి చెట్టుకు 1,500 రూపాయలు, జీడికి హెక్టారుకు 30 వేలు ప్రకటించింది. 2019లో వచ్చిన ప్రభుత్వం వాటిని 3,000కు, 50 వేలకు పెంచింది. ఏటా కాయలిచ్చే చెట్టు బతుకుతో పోలిస్తే ఏ అంకె అయినా చిన్నదే.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా తెలుసుకోవాలి. జాతీయ విపత్తు స్పందన నిధికి ప్రధాన ఆధారం పొగాకు ఉత్పత్తుల వంటివాటిపై వేసే విపత్తు సుంకం. కంపెనీల లాభాల నుంచి విపత్తుల కోసం విడిగా తీసే వాటా ఏదీ లేదు. 15వ ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిధుల్లో 80 శాతం స్పందనకు, 20 శాతం నివారణకు కేటాయించింది. తుపాను వచ్చాక పులిహోర పొట్లాలకు, చెట్టు పరిహారానికి నాలుగు పాళ్లు, రాకముందు గట్టు, సర్వుతోపు, కాలువ పూడిక కోసం ఒక పాలు. తీరం పొడవునా తుపానులే తుపానులైన ప్రాంతానికి ఈ నిష్పత్తి సరిపోదు.

వాతావరణం ధరల మీదికి ఎలా దిగుతుందో 2023 జులైలో దేశమంతా చూసింది. టమాటా ధర ఆకాశాన్నంటడంతో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగసింది. రాష్ట్ర ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించాల్సి వచ్చింది. 2012 ఆధారంగా లెక్కించిన సూచీలో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం. 4 శాతం లక్ష్యం పెట్టుకున్న రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచితే అప్పు ప్రియమవుతుంది, టమాటా మాత్రం కాయదు. రిజర్వు బ్యాంకు మాజీ డిప్యూటీ గవర్నర్ విరల్ ఆచార్య 2023లో ఇంకో కోణం చూపారు. అయిదు పెద్ద వ్యాపార కూటముల ధరల పట్టు కూడా ద్రవ్యోల్బణం దిగకపోవడానికి ఒక కారణమన్నది ఆయన వాదన.

అమెరికా పోలిక

మూడు విషయాలను ఒకే చట్టంలో కట్టిన దేశం ఒకటుంది. జో బైడెన్ 2022 ఆగస్టు 16న సంతకం చేసిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం, వందకోట్ల డాలర్లకు మించి లాభమున్న కంపెనీలకు కనీసం 15 శాతం పన్ను విధించి, శుద్ధ ఇంధనానికి సుమారు 36,900 కోట్ల డాలర్లు కేటాయించింది. రిపబ్లికన్లు ఒక్కరూ దీనికి అనుకూలంగా ఓటేయలేదు. ధరల మీద దీని ప్రభావం నామమాత్రమేనని ఆ దేశ పార్లమెంటరీ బడ్జెట్ కార్యాలయమే అంచనా వేసింది. పేరు ఓటర్ల కోసం, పని వాతావరణం కోసం అన్నమాట. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం ఆ శుద్ధ ఇంధన రాయితీల్లో చాలావాటిని కుదించింది. మనకు పనికొచ్చేది అందులోని కట్టుబాటు: ఎవరి దగ్గర ఎంత తీసుకుంటారో, దాన్ని ఎక్కడ పెడతారో ఒకే కాగితం మీద చెప్పడం.

ప్రస్తుత స్థితి

ఆంధ్రప్రదేశ్ 2024లో తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 10 లక్షల కోట్ల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యమంటోంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. శ్రీకాకుళం జిల్లాలోని మూలపేట ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. వీటన్నిటికీ పెట్టుబడి పెద్దది, రాయితీ పెద్దది. రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం వీటి పక్కన చిన్న ఖర్చు. అయినా 2024లో గుల్బెంకియన్ బహుమతిని పంచుకుంది. ఎరువుల ఖర్చు తగ్గించి, నేలలో తేమ నిలిపే ఈ పని వాతావరణ వ్యయం కిందికీ వస్తుంది, ధరల అదుపు కిందికీ వస్తుంది. బడ్జెట్ ప్రసంగాల్లో దీనికి దక్కే చోటు డేటా కేంద్రాలకు దక్కేదానిలో పిసరంత.

పన్ను రాయితీల వల్ల తగ్గిన ఆదాయం ఎంతో కేంద్రం 2006-07 బడ్జెట్ నుంచి ఒక పట్టిక ఇస్తోంది. అలాంటి పట్టిక జిల్లాకొకటి కావాలి. శ్రీకాకుళం జిల్లాలో ఏ కంపెనీకి ఎంత భూమి, ఎంత పన్ను, ఎంత కరెంటు సుంకం వదిలారు, ఎందరికి శాశ్వత ఉద్యోగమిచ్చారు, తుపాను నివారణకు ఆ ఏడాది ఎంత పెట్టారు అన్నది తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. ఈసారి ఓటడగడానికి వంశధార తీరానికి ఎవరొచ్చినా, ఏ పార్టీవారైనా, ముందు ఆ కాగితం అడగండి.